బాహువుల బిగింపు: శస్త్రచికిత్స ఇవ్వగలది, ఇవ్వలేనిది

పట్టుదలతో ముప్పై కిలోల బరువు తగ్గించుకొన్న ఒక గృహిణిని ఊహించుకొనవచ్చు. మోకాళ్ళ నొప్పి తగ్గింది. మధుమేహానికి వేసుకొనే మాత్రలు సగమయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం లేదు. ఇంటివారందరూ సంతోషించారు. కాని దండెం మీద బట్టలు ఆరవేసేటప్పుడు ప్రక్కింటివారు చూస్తున్నారేమోనని ఆమె చేయి దించివేస్తుంది. మోచేతికి పైన, చంకకు క్రింద, ఖాళీ అయిన సంచివలె చర్మం వ్రేలాడుతూ ఉంటుంది. రవిక తక్కినచోట సరిపోయినా చేతుల దగ్గర పట్టదు. వేసవిలో మడతల మధ్య చెమట నిలిచి, ఒరిసి, చర్మం ఎర్రబడి దురద పుడుతుంది. ఇంత కష్టపడినందుకు దక్కినది ఇదేనా అని ఆమె బాధపడితే, అది వట్టి సోకు అని కొట్టివేయటం న్యాయం కాదు.

ఇట్టివారికి ప్లాస్టిక్ సర్జరీలో ఒక మార్గం ఉన్నది. వైద్యులు దానిని బ్రాకియోప్లాస్టీ అంటారు. లాటిన్‌లో బ్రాకియం అంటే బాహువు. ప్లాస్టిక్ అనే మాట మలచటం అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండి వచ్చినది. బిందెలు, బకెట్లు చేసే ప్లాస్టిక్‌తో ఈ చికిత్సకు ఏ సంబంధమూ లేదు. శరీరంలో క్రొత్తగా పెట్టేది కూడ ఏమీ లేదు. రెట్టకు లోపలివైపున మిగిలిపోయిన చర్మాన్ని, దాని క్రింది క్రొవ్వును కోసి తీసివేసి, అంచులను దగ్గరకు చేర్చి కుట్టటమే ఇందులోని పని.

మరి వ్యాయామంతో ఇది పోదా? వైద్యులను అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. వ్యాయామం కండను పెంచుతుంది. ఆహారనియమం క్రొవ్వును కరిగిస్తుంది. చర్మం సంగతి వేరు. చర్మానికి సాగి తిరిగి ముడుచుకొనే గుణాన్ని కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు ఇస్తాయి. ఏళ్ళ తరబడి క్రొవ్వు బరువుకు సాగిపోయినప్పుడు, లేదా వయస్సు మీరినప్పుడు, ఆ పోగులు సడలి తెగిపోతాయి. పాతబడిన లంగా బొందు రబ్బరును ఎంత ఉతికి ఆరవేసినా బిగువు తిరిగి రానట్లే, సాగిన చర్మాన్ని ఏ కసరత్తూ ముడిచివేయలేదు. రెట్ట వెనుక కండను పెంచితే కొంత వదులు నిండినట్లు కనబడవచ్చు, అంతే. లేపనాలు, నూనెలు అమ్మేవారి ప్రకటనల గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఈ చికిత్స క్రొత్తది కాదు. చికాగోకు చెందిన శస్త్రవైద్యుడు మాక్స్ థోరెక్ 1930లోనే దీనిని వర్ణించాడని వైద్య గ్రంథాలు పేర్కొంటాయి. 1954లో అర్జెంటీనా వైద్యులు కేవలం అందం కోసం చేసే పద్ధతిని ప్రకటించారు. అయినా చాలాకాలం శస్త్రవైద్యులే దీనికి వెనుకాడేవారు. కుట్టిన మచ్చ కొన్నాళ్ళకు వెడల్పయ్యేది, క్రిందికి జారేది. 1995లో అమెరికా వైద్యుడు టెడ్ లాక్‌వుడ్, చర్మాన్ని మాత్రమే లాగి కుట్టక, దాని అడుగున ఉండే బలమైన పొరను చంక లోపలి గట్టి కణజాలానికి బంధించే పద్ధతిని వివరించాడు. బరువును లోపలి పొర మోస్తే పై కుట్టుమీద లాగుడు తగ్గుతుంది. ఆ తరువాత ఫలితాలు మెరుగుపడ్డాయి. అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం లెక్కల ప్రకారం ఆ దేశంలో 2000 సంవత్సరంలో సుమారు 300 మంది స్త్రీలు ఈ చికిత్స చేయించుకొనగా, 2012లో ఆ సంఖ్య 15,000 దాటింది. చేతులు లేని దుస్తుల వాడుకను, అధ్యక్షుని భార్య మిషెల్ ఒబామా బాహువుల మీద జనానికి కలిగిన మోజును కారణాలుగా ఆ సంఘం చెప్పుకొన్నది. జీర్ణాశయాన్ని చిన్నది చేసే శస్త్రచికిత్సలు పెరగటం అంతకంటె బలమైన కారణమని ఒప్పుకొనవలసి ఉంటుంది.

మన దేశంలోను అట్టి శస్త్రచికిత్సలు పెద్ద నగరాలన్నిటిలో జరుగుతున్నాయి. 2025లో బరువు తగ్గించే టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ సూదిమందులు కూడ మన విపణిలోకి వచ్చాయి. త్వరగా, ఎక్కువగా బరువు తగ్గేవారి సంఖ్య పెరిగేకొద్దీ వదులు చర్మంతో మిగిలేవారి సంఖ్యా పెరగక తప్పదు.

అసలు బేరం ఇక్కడ ఉన్నది. రోగి వదులు చర్మాన్ని ఇచ్చివేసి, బదులుగా ఒక మచ్చను తీసుకొంటున్నది. అది చిన్న మచ్చ కాదు. సాధారణంగా చంక నుండి మోచేతి దగ్గర వరకు, రెట్ట పొడవునా ఉంటుంది. దానిని లోపలి వైపున, చేయి దించినప్పుడు ఒంటికి ఆనుకొనే చోట ఉంచటం కొందరి పద్ధతి; కొంచెం వెనుకకు జరపటం మరికొందరి పద్ధతి. ఎక్కడ పెట్టినా చేయి ఎత్తినప్పుడు కనబడుతుంది. వదులు స్వల్పమైతే చంకలోనే దాగే చిన్న మచ్చతో సరిపెట్టవచ్చు. చర్మం ఇంకా బిగువుగా ఉండి క్రొవ్వు మాత్రమే ఎక్కువైతే, సన్నని గొట్టంతో క్రొవ్వును లాగివేయటమే చాలు. కాని బాగా వ్రేలాడే చర్మానికి పొడవైన మచ్చ తప్పదు. తప్పించగలమని చెప్పేవారి మాట నమ్మకూడదు.

మచ్చ మొదటి నెలల్లో ఎర్రగా, గట్టిగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. మెత్తబడి, రంగు మారి, స్థిరపడటానికి ఏడాది నుండి ఏడాదిన్నర పట్టవచ్చు. మనవంటి చామనచాయ, నలుపు చర్మాలవారిలో మచ్చ నల్లబడటం, ఉబ్బటం, కెలాయిడ్‌గా పెరగటం తెల్లచర్మంవారికంటె ఎక్కువ. చెవి కుట్టించుకొన్నచోట గాని, పాత గాయం మీద గాని గడ్డవలె చర్మం పెరిగిన అనుభవం ఉన్నవారు ఆ సంగతిని వైద్యునికి మొదటి రోజే చెప్పాలి. దండకడియం, వంకీ పెట్టుకొనే చోటిది. మోచేతుల వరకు రవిక తొడిగే మన స్త్రీలలో చాలామందికి ఆ మచ్చను దాచటం కష్టం కాదు. అయితే చేతులు లేని రవిక తొడగాలన్న కోరికతోనే చికిత్సకు వచ్చినవారు, వదులు చర్మం కనబడటం మేలా, గీత కనబడటం మేలా అని తమను తాము ప్రశ్నించుకొనాలి. ఈ ప్రశ్నకు వైద్యుడు జవాబు చెప్పలేడు.

తొందర పనికిరాదు. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలి. జీర్ణాశయ శస్త్రచికిత్స అయినవారు ఏడాది, ఏడాదిన్నర ఆగటం మంచిది. తరువాత మళ్ళీ పెరిగి తగ్గితే చర్మం మరల సాగుతుంది. అట్టివారిలో మాంసకృత్తులు, ఇనుము, బి12 విటమిన్ లోటు తరచు కనిపిస్తుంది. లోటు తీరనిదే గాయం సరిగా మానదు. పొగత్రాగేవారు కనీసం నాలుగు వారాల ముందే మానాలి, ఎందుకంటే నికొటిన్ చర్మపు అంచులకు రక్తం అందనీయదు. ఆస్పిరిన్ వంటి మాత్రలు, మూలికా మందులు వాడుతున్నవారు దాచకూడదు. రొమ్ము కాన్సర్‌కు చంకలోని గ్రంథులు తీయించుకొన్నవారికి ఆ చేయి శాశ్వతంగా వాచే ప్రమాదం ఉన్నది గనుక చాలామంది వైద్యులు చికిత్సకు అంగీకరించరు.

చికిత్స రోజున రోగిని నిలబెట్టి, చేతులు చాపించి, ఎంత చర్మం తీయాలో సిరాతో గీతలు గీస్తారు. ఈ గీతలలోనే వైద్యుని నేర్పు చాలావరకు ఉన్నది. తక్కువ తీస్తే వదులు మిగిలిపోతుంది. ఎక్కువ తీస్తే కుట్లకు చర్మం చాలదు. అందువలన అనుభవం ఉన్నవారు ఒకేసారి మొత్తం కోయక, కొంచెం కొంచెంగా తీస్తూ మూస్తూ పోతారు. మోచేతికి కొంత పైన, బాసిలిక్ అనే సిర ప్రక్కగా, ముంజేతి లోపలి చర్మానికి స్పర్శజ్ఞానం ఇచ్చే సన్నని నరం ఒకటి పొరను చీల్చుకొని పైకి వస్తుంది. అది తెగితే ముంజేయి లోపలివైపు తిమ్మిరి పట్టి ఉండిపోతుంది, కొందరికి నొప్పి కూడ. వైద్యులు ఎక్కువ జాగ్రత్తపడేది ఇక్కడే.

రెండు చేతులకు కలిపి రెండు మూడు గంటలు పడుతుంది. చాలామందికి పూర్తి మత్తు ఇస్తారు. మత్తు అనగానే భయపడేవారికి ఒక పాత ముచ్చట. 1888, 1889లలో హైదరాబాదులో నిజాము ధనసహాయంతో, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుని చొరవతో, క్లోరోఫాం వలన మరణాలు ఎందుకు సంభవిస్తున్నాయో తేల్చటానికి రెండు సంఘాలు పరిశోధనలు జరిపాయి. క్లోరోఫాం ముందు శ్వాసనే ఆపుతుంది, గుండెను కాదు అన్న వారి నిర్ణయం తరువాతి పరిశోధనలకు నిలవలేదు. నేడు గుండె కొట్టుకోవటాన్ని, శ్వాసను, రక్తంలోని ఆక్సిజన్‌ను క్షణక్షణం చూపే యంత్రాలు మత్తువైద్యుని ఎదుటనే ఉంటాయి. ఆ యంత్రాలు, ఆ వైద్యుడు లేని సౌందర్యశాలలో ఇట్టి పని చేయించుకొనటం మాత్రం ప్రాణంతో చెలగాటమే.

తరువాతి వారం సుఖమైనది కాదు. చేతులు వాచి, కమిలి, బిగుసుకొని ఉంటాయి. దిండ్లమీద ఎత్తుగా పెట్టుకొనాలి. కొందరికి లోపల ఊరే నీరు పోవటానికి సన్నని గొట్టం కొన్ని రోజులు ఉంచుతారు. బిగుతైన ప్రత్యేకపు తొడుగును నాలుగు నుండి ఆరు వారాలు వేసుకొనాలి. మన ఎండలలో అది ఒక శిక్షే గనుక, వీలున్నవారు చలికాలాన్ని ఎన్నుకొనటం తెలివైన పని. చేతులు తలపైకి ఎత్తరాదు. అంటే తల దువ్వుకొనటానికి, జడ వేసుకొనటానికి, చీర కట్టుకొనటానికి మరొకరి సహాయం కావాలి. ముందు గుండీలున్న వదులు దుస్తులు సిద్ధం చేసుకొనాలి. కూర్చుని చేసే ఉద్యోగానికి ఒకటి రెండు వారాల్లో వెళ్ళవచ్చు. బిందె ఎత్తటం, పిండి రుబ్బటం, పసివారిని ఎత్తుకొనటం నాలుగు నుండి ఆరు వారాలు కూడదు. ఇంటిలో ఆ పనులు ఎవరు చేస్తారో తేలకుండా చికిత్స తేదీ తేల్చుకొనటం మన కుటుంబాలలో జరిగే పెద్ద పొరపాటు. చాలామంది గృహిణులు మూడవ రోజునే వంటింటిలో కనబడతారు. కుట్లు వీడటానికి అదొక కారణం.

చిక్కులు అరుదు అనుకొనరాదు. 2006లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో 40 మంది రోగులలో నాలుగోవంతుకు ఏదో ఒక ఇబ్బంది కలిగింది. నూటికి 5 మందికి నరం దెబ్బతిన్నది. ఎనిమిదిమందిలో ఒకరికి మళ్ళీ సరిదిద్దవలసి వచ్చింది. గాయం కొంత విచ్చుకొనటం, నీరు చేరటం, చీము పట్టటం, రెండు చేతులు సమానంగా లేకపోవటం తరచు ఎదురయ్యేవి. వీటిలో చాలావరకు కట్లతో, మందులతో మానేవే. జ్వరం, పెరుగుతున్న ఎరుపు, ఒక్క చేయి అకస్మాత్తుగా వాచటం, ఆయాసం కనిపిస్తే మాత్రం మరునాటి దాకా ఆగకూడదు.

ఖర్చు విషయం. కేవలం అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీని మన ఆరోగ్యబీమా పాలసీలు మినహాయిస్తాయి. ప్రమాదం, కాలిన గాయాలు, కాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణం వేరు. వైద్యసేవలకు జి.ఎస్.టి.లో ఉన్న మినహాయింపు కూడ అందం కోసం చేసే శస్త్రచికిత్సకు వర్తించదు. అందువలన సంప్రదింపు నాడే మొత్తం ఎంతో వ్రాతమూలకంగా అడగాలి. మళ్ళీ సరిదిద్దవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిదో కూడ అడగాలి. వైద్యునికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేక తత్సమానమైన పట్టా ఉన్నదో లేదో చూడాలి. ఆయన చూపే ఛాయాచిత్రాలలో చేతులు దించి తీయించుకొన్నవి మాత్రమే ఉంటే, చేతులు ఎత్తి, ఏడాది గడిచిన తరువాత తీసినవి చూపమని మొగమాటం లేకుండా కోరాలి.