పిల్లల పౌరసత్వము – ఊరు మార్పు

అమెరికాలో గ్రీన్‌కార్డుపై ఉన్న మన పిల్లలు పౌరసత్వమునకు దరఖాస్తు చేయు సమయములోనే ఉద్యోగము వేరే రాష్ట్రమునకు మారితే ఏమి చేయాలి? మాకు తెలిసినది చెప్పుచున్నాము. సాధారణముగా దరఖాస్తుకు ముందు 3 నెలలు ఆ రాష్ట్రములో నివసించి ఉండాలి. కనుక ముందే తరలిపోయినవారు అక్కడ 3 నెలలు నిండాక దరఖాస్తు చేయాలి. దరఖాస్తు చేసి తరలినవారు 10 రోజులలో ఇమిగ్రేషన్ శాఖకు కొత్త చిరునామా తెలుపాలి. లేనిచో ఇంటర్వ్యూ ఉత్తరము పాత ఇంటికే పోవును, దరఖాస్తు ఆగిపోవచ్చును. ఆ పౌరసత్వము పొందినవారికి భారత పౌరసత్వము ఉండదు.

పౌలు తన రోమా పౌరసత్వమును అవసరమైనచోట వాడుకొనెను. అయినను ఫిలిప్పీయులకు వ్రాయుచు పరలోకమువైపే చూపించెను. తల్లిదండ్రులారా, ఫోనులో మన పిల్లలను రెండు సంగతులు అడుగుదము: చిరునామా మార్చితివా? కొత్త ఊరిలో సంఘమును వెదకితివా?