లూడోను అష్టాచెమ్మాకు వారసుడనకండి

మొన్న ఒక మిత్రుడు ఫోనులో లూడో ఆడుకుంటూ, "మాస్టారూ, ఇది మన అష్టాచెమ్మాయే కదా! కాస్త మెరుగులు దిద్దారు, అంతే" అన్నాడు. తప్పు కనబడితే ఎర్రసిరా కలం కోసం చెయ్యి తడుముకోవడం నాకు పాత అలవాటు. పదవీవిరమణతో ఉద్యోగం పోయింది గాని అలవాటు పోలేదు. అందుకే ఈ టపా.

ముందు వంశవృక్షం చూద్దాం. లూడోకు మూలం పచ్చీసు. ఫతేపూర్ సిక్రీలో నేలమీద పచ్చీసు పటం తీర్చిన ప్రాంగణం నేటికీ ఉంది. ఆ ఆటనే సరళం చేసి 1896లో ఇంగ్లండులో లూడో పేరిట పేటెంటు తీసుకున్నారు. మన అష్టాచెమ్మా పచ్చీసుకు దగ్గరి చుట్టం: అయిదు వరుసలు, వరుసకు అయిదు గళ్ళు, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. కనుక లూడో ఈ వంశంలోనిదే, కాదనను. వంశాన పుట్టినంత మాత్రాన వారసత్వం వస్తుందా అన్నదే నా ప్రశ్న.

మొదటిది మేలు, తరువాతిది తీసికట్టు అనే ఛాందసుణ్ణి కాను. విజయనగరంలో ఉంటూ ఆ మాట అనలేను కూడా. గురజాడవారి కన్యాశుల్కం తొలి కూర్పు 1897లో వచ్చింది. నేడు మనం నెత్తిన పెట్టుకున్నది మాత్రం ఎంతో పెంచి, మార్చి 1909లో వెలువరించిన రెండవ కూర్పు. మూలంలోని ప్రాణాన్ని నిలిపి పెంచినవాడు ధన్యుడు. ప్రాణం తీసి రంగులు పూసినవాణ్ణి ఏమనాలి?

ఆ ప్రాణమేమిటో చెబుతాను. మా చిన్నతనంలో నాగావళి ఒడ్డున, మా ఊరి గుడి మండపంలో బండమీద గళ్ళు చెక్కి ఉండేవి. గవ్వలు లేనినాడు చింతపిక్కలను ఒక పక్క అరగదీసి వేసేవాళ్ళం. మా మామ్మకు అక్షరం రాదు. కాని నేను కాయ కదపబోతే, "ఒరే నాయనా, పగోడికి రెండు గళ్ళ ముందర నిలబడకురా" అని గదిమేది. ఎందుకని ఎన్నడూ చెప్పలేదు. పంతులునయ్యాక లెక్క వేసి చూశాను. నాలుగు పిక్కలు వెల్లకిలానో బోర్లానో పడే తీరులు మొత్తం పదహారు. అందులో రెండు పడే తీరులు ఆరు. ఒకటికి నాలుగు, మూడుకు నాలుగు. చమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. అయిదు, ఆరు, ఏడు ఒక్క పందెంలో పడనే పడవు. అంటే పగవాడికి రెండు గళ్ళ ముందు నిలవడమంత ప్రమాదం మరొకటి లేదు. మా మామ్మ చదవని గణితం ఆమె వేళ్ళకు తెలుసు.

లూడో పాచికకు ఆరు ముఖాలు, ఆరూ సమానమే. పగవాడికి రెండు గళ్ళ ముందున్నా, అయిదు గళ్ళ ముందున్నా ఆ పందెంలో ముప్పు ఒక్కటే. దూరానికి అర్థం పోయింది. ఏ కాయ నడపాలో ఎంచుకునే వీలు లూడోలోనూ ఉంది, ఒప్పుకుంటాను. అయితే ఎంచుకోవడానికి కావలసిన ఆలోచన సగం ఆవిరైంది.

రెండవ దోషం. మేమాడిన పద్ధతిలో ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరుసలోకి ప్రవేశం లేదు. తలదాచుకుంటూ పండుదామంటే కుదరదు, ఎప్పుడో ఒకప్పుడు తెగించాలి. లూడోలో ఎవరి ముఖమూ చూడకుండా ఇల్లు చేరవచ్చు.

మూడవది నా వంటి వ్యాకరణ రోగులకు. లాటినులో 'లూడో' అంటే 'నేను ఆడుచున్నాను' అని. ఉత్తమ పురుష, ఏకవచనం! పచ్చీసులో నలుగురు రెండు జట్లు. ఎదురుగా కూర్చున్నవాడు తోడు, అతని కాయలు పండనిదే నాకు గెలుపు లేదు. కదపడం నష్టమనుకుంటే పందెం వదులుకునే స్వేచ్ఛ కూడా ఉంది. లూడోలో మిగిలింది 'నేను' ఒక్కడే.

ఆధునికమంటే నాకు గిట్టదని తొందరపడకండి. మా మనవడు విదేశాల నుండి అజూల్ అనే పలకల ఆట తెచ్చాడు. 2017లో వచ్చిన జర్మను రూపకర్త కీస్లింగ్ సృష్టి. ఒక వర్తులంలోని ఒక రంగు పలకలన్నీ నీవు తీసుకుంటే, మిగిలినవి నడుమకు చేరి ఎదుటివాడి పాలవుతాయి. ఎక్కువ ఆశించి తీస్తే చోటు చాలక గుణాలు పోతాయి. 2019లో దాని కొనసాగింపు సమ్మర్ పెవిలియన్ వచ్చింది. అందులో ఆవృత్తానికొక రంగు ఏ రంగుకైనా బదులుగా చెల్లుతుంది. నాలుగు పలకలు తరువాతి ఆవృత్తానికి దాచుకోనూ వచ్చు. మొదటి ఆటలోని పదును తగ్గింది, నాకు మొదటిదే ఇష్టం. కాని నేను తీసినది ఎదుటివాడికి ఏం మిగుల్చుతుందన్న చింత రెండింటా ఉంది. అది న్యాయమైన కొనసాగింపు.

డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. కాని చట్టం డబ్బును ఆపగలదు, బుద్ధిని మార్చలేదు. అదే మనవడు ఫోనులో లూడో ఓడినప్పుడు, "నా లక్కు బాలేదు తాతా" అన్నాడు. వారం తరువాత గచ్చుమీద సుద్దతో గళ్ళు గీసి, నా చేతిలో అష్టాచెమ్మా ఓడి, చాలాసేపు గళ్ళకేసి చూసి, "ఆ కాయ అక్కడ పెట్టకుండా ఉండాల్సింది కదూ?" అన్నాడు. ముప్పయ్యేళ్ళు బడిలో పిల్లల నోట నేను వినాలనుకున్నది ఆ రెండో మాటే. మొదటి మాట నేర్పే ఆటను రెండో మాట నేర్పే ఆటకు వారసుడనడం నాకు సమ్మతం కాదు.

కాదనే బ్లాగ్మిత్రులు వాదానికి రావచ్చు. వచ్చేటప్పుడు నాలుగు గవ్వలు తెచ్చుకోండి. గచ్చు మాది, సుద్దముక్క నాది.