గ్యాసు అయిపోయినదన్న మాట

రోహిణీకార్తె యెండలకు రోళ్ళు పగులునందురు. ఆ దినములలోనే ఇంటిలోని ఫ్రిజ్‌కు జబ్బుచేయుటయు, మెకానిక్కు వచ్చి వెనుకవైపు ఒక్కమారు చేయిపెట్టి చూచి "గ్యాసు అయిపోయింది, నింపాలి" అని తేల్చుటయు, గృహస్థుడు మారుమాటాడక వేల రూపాయలు చెల్లించుటయు పరిపాటియైనది. ఈ తీర్పును ప్రశ్నింపక అంగీకరించుట తగదని నా దృఢాభిప్రాయము.

ఏలయన ఫ్రిజ్‌లోని గ్యాసు వంటగ్యాసువలె వాడుకకొలది తరిగిపోవునది కాదు. కంప్రెసర్ ఒత్తి పంపగా వెనుకనున్న జాలిలోనో, ప్రక్కగోడల గొట్టములలోనో వేడిని విడిచి ద్రవమై, కేశనాళికయను మిక్కిలి సన్నని గొట్టముగుండా ఫ్రీజరు చేరి, అచ్చట మరల ఆవిరియగుచు లోపలి వేడిని గ్రహించి, తిరిగి కంప్రెసర్‌నే చేరు ఆ పదార్థము, గొట్టమునకు ఎచ్చటను రంధ్రము పడనంతవరకు ఎన్ని యేండ్లయినను అంతయే యుండును. కావున గ్యాసు తగ్గెనన్నచో అది ఎచ్చటనో కారుచున్నదనియే అర్థము. కారుచోటు వెదకి మూయక క్రొత్తది నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే.

అసలు చల్లదనము తగ్గిన ప్రతి ఫ్రిజ్‌లోను గ్యాసు తగ్గియుండదు. తలుపు చుట్టునున్న రబ్బరు జిడ్డుపట్టియో, గట్టిపడియో పట్టు సడలినచో బయటి ఉక్కగాలి నిరంతరము లోనికి చొరబడుచుండును. ఒక కాగితమును తలుపుసందున ఉంచి మూసి లాగినప్పుడు అది అడ్డులేక వచ్చినచో దోషము రబ్బరుదే, గోరువెచ్చని సబ్బునీటితో తుడిచినంతనే అది కుదుటపడుటయు కలదు. జాలిపై దుమ్ము పేరుకొన్నను, ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టినను వేడికి పోవుదారి యుండదు. పోయిన కరెంటు వెంటనే వచ్చినప్పుడు గొట్టములలోని ఒత్తిడి సమము కాకమునుపే కంప్రెసర్ తిరుగబోయి, తిరుగలేక, టిక్కుమని ఆగుచుండును. స్విచ్చి ఆపి ఐదు నిమిషములు ఆగి వేసినచో చాలును. ఇవి యన్నియు పరిశీలించిన పిమ్మటగాని గ్యాసు మాట ఎత్తరాదు.

నిజముగా గ్యాసు కారుటకు మన చేతులే కారణమగు సందర్భమొకటి యున్నది. ఒంటితలుపు ఫ్రిజ్‌లలో ఫ్రీజరుగోడయే గ్యాసు ప్రవహించు దారి; పలుచని ఆ అల్యూమినియపు రేకునకు అంటిన మంచుగడ్డను తొందరపడి కత్తితో పెకలించినచో ఒక్క పోటుతో ఫ్రిజ్ ప్రాణము పోవును. డీఫ్రాస్టు బొత్తాము నొక్కి, మంచు తనంతట కరగువరకు ఓపికపట్టుటకంటె ఉపాయము లేదు.

ఇక నింపు గ్యాసు సంగతి. పూర్వపు ఫ్రిజ్‌లలోని, ఓజోన్ పొరకు చేటుచేయు ఆర్-12 అను గ్యాసు వాడుక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము తరువాత క్రమముగా తొలగిపోయినది. నేటి ఫ్రిజ్‌లలో విరివిగా నున్న ఆర్-600ఏ యనునది ఐసోబ్యూటేను. అది మంటనంటు వాయువు. ఒక్కొక్క ఫ్రిజ్‌కు కొన్ని పదుల గ్రాములే చాలును గనుక దానిని త్రాసుపై తూచియే నింపవలెను. నింపుటకు ముందు గొట్టములలోని గాలిని, తేమను పంపుతో లాగివేయవలెను, లేనియెడల ఆ తేమ కేశనాళికలో గడ్డకట్టి దారి మూయును. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అనునది ఫ్రిజ్ వెనుక అంటించిన చీటిపై ముద్రితమైయే యుండును. ఆ రెండింటిని, కారినచోటును రసీదుపై వ్రాయించుకొనుట గృహస్థుని హక్కు.

అయితే నేరమంతయు మెకానిక్కుపై మోపుట న్యాయము కాదు. లీకు వెదకుటకు అతడు వెచ్చించిన గంటకు కూలి యిచ్చుటకు మనము వెనుదీయుదుము. గ్యాసు నింపితినన్నచో మాత్రము అంతకు ఎన్నో రెట్లు ఇచ్చెదము. పరీక్షించుటకు వెల లేనిచోట పరీక్ష ఎట్లు జరుగును? మరమ్మతు హక్కును గూర్చి కేంద్రప్రభుత్వము 2022లో ఒక పోర్టలునే తెరచినది గదా. కంపెనీలు తమ ధరల పట్టికలలో గ్యాసునకు వేరుగను, లీకు పరీక్షకు వేరుగను వెల ప్రకటించునట్లు కూడ ఆ ప్రభుత్వమే చేయవలెను.