మన ఇంటివారి పేర్లు ఎక్కడున్నవి?

విక్టోరియా రాణి కాలపు జనాభా లెక్కల్లో మన తాతముత్తాతల ఇల్లు కనబడునా అని పెద్దాపురం వైపు కుటుంబాలవారు అడుగుచుంటారు.

ఇంగ్లాండులోనైతే కనబడును. 1836లో మన గోదావరి డెల్టాకు సువార్తతో వచ్చిన బౌడన్, బీర్ గార్లది డెవన్ సీమ. అక్కడ 1841 మొదలు పదేండ్లకొకసారి వ్రాసిన ఇంటింటి లెక్కల పుస్తకాలు భద్రముగా ఉన్నవి. ఏ ఇంట్లో ఎవరెవరున్నారు, వయసెంత, చేసే పనేమి అన్నది నూరేండ్లు గడచిన పిమ్మట ఎవరైనా చదువుకోవచ్చు.

మన సంగతి వేరు. మద్రాసు రాజధానిలో 1871 నవంబరు 15న, తరువాత 1881లో, 1891లో లెక్క తీశారు. పల్లెల్లో కరణాలు గడపగడపకు తిరిగి వ్రాశారు. తాలూకాల వారీగా ఇన్ని ఇండ్లు, ఇంతమంది జనము అని పట్టికలు అచ్చయినవి. ఇంటింటి కాగితాలను మాత్రం దాచలేదు. మన పెద్దలు అంకెల్లో ఉన్నారు గాని పేర్లతో లేరు.

ఆ పేర్లు సంఘములో వెదకవలెను. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, ఇవే మనకు జనాభా లెక్కలు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టపు రిజిస్టరులో వధూవరుల వయసు, తండ్రుల పేర్లు వ్రాసే గడులున్నవి. ఒక్క పెండ్లి దొరికితే రెండు ఇండ్లకు దారి దొరికినట్లే. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలి ఒప్పందముపై పోయినవారి ఓడ జాబితాల్లో సయితము తండ్రి పేరు, ఊరు వ్రాసియున్నవి.

అయితే తొందరపడరాదు. యోహానులు, మరియమ్మలు ప్రతి సంఘములోను అనేకులు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు మూడును కలిసిన తరువాతనే మనవారని నిశ్చయించుకోవలెను. బాప్తిస్మమప్పుడు పేరు మారియుండవచ్చు. ఆ పాత పేరు ఇంటిలోని ముసలివారికే తెలియును.

చెర నుండి తిరిగి వచ్చిన యాజకుల కుటుంబాలు కొన్ని వంశావళిలో తమ పేర్లు దొరకక యాజకత్వమునకు దూరమైనవి (ఎజ్రా 2:62). మన రిజిస్టర్లు చెదలపాలైతే రేపు మన మనుమలకు వెదకుటకు చోటే ఉండదు. కనుక సంఘ పెద్దలు కాపరిగారితో మాట్లాడి, పాత రిజిస్టర్ల ప్రతి పుటను సెల్‌ఫోనుతో ఫోటో తీయించి, శుభ్రమైన ప్రతి ఒకటి వ్రాయించవలెను. ఇంటివారు ఈ ఆదివారమే అమ్మమ్మను, తాతయ్యను కూర్చుండబెట్టి, వారి తలిదండ్రుల పేర్లు, పుట్టిన ఊళ్లు అడిగి నోటు పుస్తకములో వ్రాసికొనవలెను. రిజిస్టరు మరో ఏడాది ఆగవచ్చు. తాతయ్య జ్ఞాపకము ఆగకపోవచ్చు.