తూలిన ప్రతివాడూ తాగినవాడు కాడు

తోటపల్లి గూడూరు నుంచి కోడూరు సముద్రం వైపు పోయే రోడ్డు మీద పొద్దున్నే నడవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. చక్కెర వ్యాధి వచ్చింది గనుక నడవక తప్పదు. ఆ వ్యాధి ఇప్పుడు పట్నాల వారికే పరిమితం కాదు. నాట్ల రోజుల్లో ఒకనాడు నేను చేసిన పొరపాటు, దాని నుంచి నన్ను గట్టెక్కించిన ఇద్దరు ముక్కూమొహం తెలియని మనుషుల సంగతి నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందురోజు రాత్రి సరిగా తినలేదు. పొద్దున మాత్ర వేసుకుని, వచ్చాక తినవచ్చులే అని బయలుదేరాను. రొయ్యల గుంటలు దాటేసరికి ఒళ్లంతా చెమటలు. చేతులు వణికాయి, కాళ్లు తడబడ్డాయి. కళ్లు మసకబారి రోడ్డు పక్కన కూలబడ్డాను. మాట ముద్దగా వచ్చింది. మోటారు సైకిలు మీద పోయే ఒకాయన నన్ను చూసి, "తెల్లారకముందే ఎక్కించినట్టున్నాడు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆయనను తప్పుపట్టను. నేనైనా బహుశా అట్లాగే అనుకునేవాణ్ణి.

అంతలో నాటుకు పోతున్న ఆలుమగలు మోపెడ్ ఆపారు. "ఏంది సామీ, ఒంట్లో బాగలేదా? షుగరుందా మీకు?" అని ఆమె అడిగింది. తల ఊపాను. వాళ్లత్తకూ ఇట్లాగే అయ్యేదట. పొలంలో తాగేందుకు సీసాలో పోసుకొచ్చిన తియ్యటి టీ మూతతో పట్టించింది. పావుగంట నా పక్కనే కూర్చున్నారు. ఆలస్యంగా పోతే ఆనాటి కూలి దక్కుతుందో లేదో వారికే తెలియదు. అయినా ఆమె చేనికి నడిచిపోయింది, ఆయన నన్ను బండి మీద ఇంటి దగ్గర దించాడు. డబ్బు ఇవ్వబోతే, "ఇదేంది సామీ! రేపట్నుంచి నాలుగు ముద్దలు తిని నడవండి" అని బండి తిప్పాడు. పేరైనా అడగలేకపోయాను.

అపస్మారం రాకముందు, మింగగలిగిన స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదారో, అంత బెల్లమో, తియ్యటి పానీయమో ఇవ్వాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. మన రాష్ట్రంలో ఆ అంబులెన్సులు 2005 నుంచి నడుస్తున్నాయి.

సాయం చేస్తే పోలీసులు, కోర్టులు అని తిరగాల్సి వస్తుందన్న భయం చాలామందికి ఉంది. రోడ్డు ప్రమాదాల విషయంలో ఆ భయం అక్కరలేదు. సాయపడినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను కూడా, సదుద్దేశంతో ఆదుకున్నవారికి రక్షణ ఇస్తున్నది. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు.

చట్టం సంగతి ఎట్లా ఉన్నా, ఆ దంపతులు సెక్షను చూసి ఆగలేదు. మనిషిని చూసి ఆగారు. దారిలో ఎవరైనా తూలుతూ కనబడితే ముందు తీర్పు చెప్పకుండా ఒక్క మాట అడుగుదాం. తాగి ఉంటే మనకు పోయేది రెండు నిమిషాలే. జబ్బు మనిషైతే ఆ రెండు నిమిషాలే ఒక ఇంటి దీపం నిలబెట్టవచ్చు. చక్కెర ఉన్నవారు జేబులో బెల్లంముక్క, ఇంటివారి ఫోను నంబరు రాసిన చీటీ వేసుకుని నడవండి. నా జేబులో ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఆ టీ సీసా తల్లికి నేను చెల్లించగలిగిన బాకీ ఇదొక్కటే.