ఖనిజం చేరిన తీరానికి బాలలు చేరేదెన్నడు?

బస్తర్ సీమకూ విశాఖ సముద్రానికీ ఉన్న బంధం నిన్న మొన్నటిది కాదు. 1960వ దశకంలో తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ వరకు రైలు మార్గం వేసింది బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కు పంపడానికే. దరిమిలా 267 కిలోమీటర్ల గొట్టపు మార్గంలోనూ ఖనిజం విశాఖకు ప్రవహించింది. 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైన నగర్‌నార్ ఉక్కు కర్మాగారం ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో వెలసింది. అయినా ఆ రైలు కూత వింటూ పెరిగే బాలలలో అనేకులకు సముద్రం నేటికీ పాఠ్యపుస్తకంలోని నీలిరంగు బొమ్మే.

తీరవాసుల పిల్లల స్థితి ఎంతో మెరుగని అనుకోనక్కరలేదు. కెరటాల హోరు వినిపించే బడిలో సైతం సముద్ర శాస్త్రం నల్లబల్ల దాటి రావడం అరుదు. విశాఖలో సాధన సంపత్తికి మాత్రం లోటు లేదు. 1952లో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన నాటి నుంచి బంగాళాఖాత పరిశోధనకు ఈ నగరం పేరెన్నికగన్నది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థల ప్రాంతీయ కేంద్రాలు ఇక్కడే ఉన్నాయి. వాటిని మించిన ప్రయోగశాల విశాఖ రాతి తీరమే.

నీరు వెనుకకు తగ్గిన ఆటు వేళ రాళ్ల నడుమ మిగిలిన గుంటలలో ఖాళీ శంఖాన్ని ఇల్లు చేసుకున్న పీత, రాతిని కరచుకొన్న నత్త, తాకితే ముడుచుకునే సీ అనిమోన్ కనిపిస్తాయి. ఎండ, ఉప్పు, అలల తాకిడి మధ్య ఏ ప్రాణి ఏ ఎత్తులో నిలుస్తుందో బాలలే కొలిచి రాసుకుంటే అనుకూలనమనే మాటకు అర్థం తెలుస్తుంది. లీటరు సముద్రపు నీటిని మరిగించి ఇగిరిస్తే మిగిలేది సుమారు 35 గ్రాముల ఉప్పు. వర్షాకాలం దాటాక బంగాళాఖాతంలో అది తగ్గుతుంది. కారణం నదుల వరద. జగదల్‌పూర్ మీదుగా పారే ఇంద్రావతి గోదావరిలో కలిసి ఈ కడలికే చేరుతుంది. నగర్‌నార్ బాలునికి ఇంతకంటె దగ్గరి పాఠం ఏముంటుంది?

పిల్లలను తీరానికి తోలుకుపోయి వదిలిపెట్టడం విద్య కాదని కూడా చెప్పాలి. ఎత్తిన రాయిని తిరిగి యథాస్థానంలో ఉంచాలి. జీవులను ఇంటికి తేరాదు. పగడాలు, కొన్ని శంఖ జాతులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. విశాఖ తీరంలో ఉన్నట్టుండి లోపలికి లాగే ప్రవాహాలు ఎందరినో బలిగొన్నాయి గనుక శిక్షణ పొందిన గజ ఈతగాళ్లు లేకుండా అడుగు వేయరాదు.

ఇక వ్యయం మాట. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు విద్యార్థులకు పది రోజులు సంచీ లేని చదువు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం నిర్దేశించింది. గనులున్న జిల్లాలలో ఖనిజ నిధి ఉంది. ఆ నిధి వినియోగంలో విద్యకు అధిక ప్రాధాన్యం ఇవ్వాలన్నది నిబంధనే. బైలదిలా గనుల యజమాని ఎన్‌ఎండీసీకి సామాజిక బాధ్యత నిధులున్నాయి. రైలు మార్గం సరేసరి. లోపించినది పూనిక ఒక్కటే. ఇది విహారయాత్ర అని పెదవి విరిచేవారు 2023-24లో దేశ మత్స్య ఎగుమతులు రూ.60,523 కోట్లని గుర్తించాలి. ఆ రంగానికి రేపు కావలసిన శాస్త్రజ్ఞులు కొండ ప్రాంతాల నుంచి రాకూడదన్న నియమమేదీ లేదు.

ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖలు తొలుత కొద్ది పాఠశాలలతో ఆరంభించవచ్చు. ఆటుపోటుల పట్టికను సర్వే ఆఫ్ ఇండియా ఏడాది ముందే ప్రచురిస్తుంది. యాత్రల తేదీలను ఆ పట్టిక చూసి నిర్ణయించాలి తప్ప సెలవుల జాబితా చూసి కాదు.