సెక్షన్ మార్చే ముందు

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో మరణించింది. దర్యాప్తు సీబీఐకి అప్పగించాలంటూ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ కేసులోనే 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హులైన కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం మానుకోవాలి.

మన ఇంటర్ కాలేజీలు అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది ఇక్కడ చివరగా చెప్పినదాన్నే. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. దాంతో పక్కన కూర్చునే స్నేహితుడు దూరమవుతాడు, పేరు తెలిసిన లెక్చరర్ కూడా దూరమవుతారు. కుర్రాడు కుంగిపోతున్న వారంలోనే అతణ్ని ఎరిగినవాళ్లెవరూ చుట్టూ లేకుండా పోతారు. నిన్నటిదాకా ఎలా ఉండేవాడో తెలియని మనిషికి ఇవాళ్టి మార్పు ఎలా కనిపిస్తుంది?

పది నుంచి పంతొమ్మిదేళ్ల వయసున్న ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉపాధ్యాయులు వైద్యం చేయనక్కర్లేదు. నోట్సు రాయడం మానేసినా, మెస్‌లో తినకపోయినా, ‘నేను లేకపోతే ఇంట్లోవాళ్లకు ఫీజుల బాధ తప్పుతుంది’ అన్నా పక్కకు పిలిచి మాట్లాడాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు; అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదని నిపుణులు చెబుతున్నారు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ఇంట్లోవాళ్లకు, కౌన్సెలర్‌కు వెంటనే చెప్పాలి. టెలి మానస్ 14416 నంబరులో రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు.

ఫలితాల రోజు మరీ కీలకం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 మార్కులు రావలసిన విద్యార్థినికి సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాలు వచ్చేనాటికి క్లాసులుండవు. ఎన్నో ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్లు అప్పటికే అడ్మిషన్ల టార్గెట్లు పట్టుకుని పదో తరగతి పిల్లల ఇళ్లకు తిరుగుతుంటారు. ఆ ఒక్కరోజైనా యాజమాన్యాలు ఆ పని ఆపించి, తప్పిన ప్రతి విద్యార్థికీ చదువు చెప్పిన లెక్చరర్ చేతే ఫోన్ చేయించాలి. ముందు తిన్నావా అని అడగాలి. రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ ఫీజు గడువుల సంగతి ఆ తర్వాత చెప్పవచ్చు.